చెయ్యి జారినవాడు

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, ఆసుపత్రి కాగితాలు సర్దింది ఆమె. కళ్ళజోడు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

బుధవారం పొద్దున్నే భర్తకు గుండె ఆపరేషన్. ఇవాళ, మంగళవారం, పదకొండింటికల్లా ఆసుపత్రిలో చేరాలి.

ఆయన మాత్రం వంటగట్టు దగ్గర మెకానిక్ పక్కనే నిలబడ్డాడు. వెళ్ళేలోపు తన ఎస్ప్రెసో మెషిన్‌లో ఒక్క కప్పు కాఫీ తాగాలని పంతం. అది వేడెక్కడం మానేసి వారమైంది.

పోయినేడు ఇస్త్రీపెట్టె విప్పి ఇల్లంతా చీకటి చేశాక, ఇక దేన్నీ ముట్టనని ఆమె తల మీద ఒట్టేశాడు. అందుకే ఈ మెకానిక్.

"ఆపరేషన్ మీకా, దానికా?" అంది గదిలోంచి.

"దానిది ముందు అయిపోతే నాది నిశ్చింతగా చేయించుకుంటానే."

మెకానిక్ నవ్వలేదు. బాయిలర్ పైన, ఎక్కువైన ఆవిరిని వదిలే చిన్న వాల్వును వేలితో తడిమాడు.

"సార్, దీన్ని ఎవరో..."

"ఏమేవ్, నా శాలువా పెట్టావా?" ఆయన గొంతు పెంచాడు. "ఒకసారి చూడు."

శాలువా బీరువా అడుగున ఉంది. ఆమె వెతికి తెచ్చేసరికి ఇద్దరూ మాటలు ఆపేశారు.

"నా చెయ్యి జారిందమ్మా," అన్నాడు మెకానిక్, తల వంచుకుని. "వాల్వు విరిగింది. ఇవాళ కాఫీ రాదు."

"జారడానికి ఇవాళే దొరికిందా నీకు? పోయే ముందు ఒక్క కప్పు..."

అనేశాక నాలుక కరుచుకుంది. అశుభం పలికిన కోపం కూడా అతని మీదికే మళ్ళింది.

"గురువారం కొత్తది తెచ్చి బిగిస్తానమ్మా."

"ఇంకోసారి ఈ గడప తొక్కితే ఊరుకోను."

"పోనీలేవే, పాపం," అన్నాడు భర్త. శాలువా అందుకుని భుజాన కప్పుకున్నాడు.

ఆమె అక్కడికక్కడే షాపుకు ఫోన్ చేసింది. "చేతకానివాణ్ణి పంపి మా ఆయన నోటి దగ్గరి కప్పు లాగేశారు."

టాక్సీలో ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె మాడ్చిన వంటలన్నీ ఏకరువు పెట్టి నవ్వించాడు. దారి పొడుగునా ఒక్క పుల్లవిరుపు మాట లేదు.

ఆయన ఆపరేషన్ బల్ల మీంచి లేవలేదు.

మూడు నెలలకు ఆమె మెషిన్ మోసుకుని షాపుకు వెళ్ళింది. "మీవాడు విరగ్గొట్టిన మెషిన్. నా కళ్ళెదుట ఉండటానికి వీల్లేదు. తీసుకోండి."

ఆ షాపులో ఏ మెకానిక్ అయినా చేసిన పని చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. షాపాయన ఆ రోజు చీటీ వెతికి తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఆవిరి కారుతోందని ఇంటాయనే వాల్వును బంకతో మూసేశారు. బాగుచేసి వేడి చేస్తే బాయిలర్ పేలేది. ఆవిడ తల మీద ఒట్టేశానని, ఆపరేషన్‌కు వెళ్తూ ఆవిడ కంట నీరు చూడలేనని అన్నారు. ఎవరూ వేడి చెయ్యకుండా వాల్వు నేనే విరిచాను. చెయ్యి జారిందని చెప్పాను."

ఆమె రెండుసార్లు చదివింది.

"అతనెక్కడ?"

"మీ ఫోన్ విని, అతను షాపుకు రాగానే పనిలోంచి తీసేశానమ్మా. పోతూ అతను పెట్టెలో వేసిన చీటీ ఆ తర్వాత చదివాను. అతని గదికి వెళ్తే అప్పటికే ఖాళీ చేసేశాడు."

మెకానిక్ ఆ మంగళవారం మధ్యాహ్నమే ఊరు వదిలి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.