ఇనుప తూము

పున్నమి పోటు పొంగుతోంది. ఇనుప తూము తలుపు సగంలో ఇరుక్కుపోయింది. ఉప్పునీళ్ళు వరిచేల వైపు పాకుతున్నాయి. సునామీకి చవుడెక్కిన ఆ దీవి నేల మళ్ళీ పండటానికి ఏళ్ళు పట్టింది.

గట్టు మీద నిలబడి యర్రయ్య హార్బరు అవతలున్న ఆఫీసుకి మళ్ళీ ఫోన్ చేశాడు. "హా సాబ్... జీ సాబ్..." అని పెట్టేశాడు.

"తలుపు బాగుచెయ్యడానికి రేపు మిస్త్రీని పంపుతారట," అన్నాడు.

పక్కచేను జ్ఞానవతి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. భుజం మీద రెండు పాత బల్లచెక్కలు. యర్రయ్య పంచాయతీ ప్రధాన్ కాకముందు ప్రతి పోటుకీ తూముకి అవే అడ్డంపెట్టి, బురద మెత్తి, అందరి చేలూ కాపాడేవాడు. అందుకే ఊరంతా కలిసి అతణ్ణి గెలిపించింది. గెలిచాక అతను పట్టుబట్టి సాధించింది ఈ ఇనుప తలుపే.

"ఆ చివర పట్టుకో భయ్యా. ఒక్కదాన్నే నిలబెట్టలేను."

"వద్దు దీదీ. ఇప్పుడిది సర్కారీ తూము. పర్మిషన్ లేకుండా ముట్టుకుంటే కేసవుతుంది."

"ఎవులెడతారు కేసు?"

యర్రయ్య నీళ్ళకేసి చూశాడు. "కంప్లైంట్ ప్రధానే ఇవ్వాలి. రూలు. అంటే నేనే."

ఉప్పునీళ్ళు ముందు అతని చేలోకే ఎక్కాయి. జ్ఞానవతి బల్లచెక్కలు దించి గట్టుకి ఆనించింది.

"వచ్చే ఎలక్షన్లో నీకు ఓటెయ్యను భయ్యా," అంది మెల్లిగా. "ఊళ్ళో ఎవుల్నీ ఎయ్యనివ్వను. ఓడిపోయి, ఎప్పట్లా వచ్చి తూము మూద్దువుగాని."