కోసినవాడి మాట

"ఎన్ని జింకల్ని కోశావురా?" ఫారెస్టు రేంజరు ప్రసాదరావు లాఠీ ఎత్తాడు.

"మూడు, సాబ్." దబీర్‌పురా కసాయి ఖాజామియా గడ్డం నిండా నెత్తురు.

లాఠీ మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడైంది. "మళ్ళీ చెప్పు!"

"మూడే. చేసిన తప్పు ఒప్పుకుంటున్న గద, ఇంకెందుకు కొడుతున్రు?"

అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్న గార్డు యాదగిరికీ అదే అర్థం కాలేదు. "సార్, ఒప్పుకున్నడు గదా!"

"దుకాణంలో దొరికింది ఒక్క తోలు. ఒకటే కోశానని చెప్పమను."

"ఎట్ల చెప్పాలె సాబ్? ప్రతి మెడ మీద బిస్మిల్లా అన్నంకనే కత్తి పెట్టిన. మూడుసార్లు అల్లా పేరు తీసుకుని, ఒకటే అని ఎట్లంట? మిగిలిన రెండు మీ జీపులనే గద పోయినయి..."

లాఠీ ఈసారి నోటి మీద పడింది. పళ్ళు గచ్చు మీద రాలాయి.

మొన్న రేంజరు ఇంటి విందులో తాను మళ్ళీ అడిగి వడ్డించుకున్న మాంసం యాదగిరికి గుర్తొచ్చింది. అతని పట్టు సడలింది.

ఖాజామియా నెత్తురు ఉమ్మాడు. విడిపడిన చెయ్యి రేంజరు ముఖం ముందుకెత్తి, మూడు వేళ్ళు చూపించాడు.