ఎంక్వయిరీ గారు

మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ, బీమా ఏజెంటుగా వచ్చిన పెద్దాయన భర్తను వదిలేసి భార్యను అడిగాడు.

"ఆయాసం ఎన్నాళ్ల నుంచమ్మా?"

వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. నీళ్లు తెస్తూ ఆమె ఆ గుమ్మం పట్టుకుని ఒక క్షణం ఆగింది. అది ఆయన కంట పడింది.

"చిన్నప్పటి నుంచీ ఉందండీ. చలికాలం కాస్త ఎక్కువ."

భర్తకు చిర్రెత్తుకొచ్చింది. అతను కార్ఖానాలో ఫిట్టరు. తమిద్దరికీ పాపకీ కలిపి చవకలో ఆరోగ్య బీమా తీసుకుందామని ఏజెంటును పిలిచింది అతనే.

"మీరు బీమా రాయడానికొచ్చారా, వైద్యం చేయడానికొచ్చారా?"

"రాయడానికేనయ్యా. ఉన్నది ఉన్నట్టు రాయాలిగా."

"రాస్తే?"

"ప్రీమియం కొంచెం పెరుగుతుంది. ఈ ఆయాసానికి మొదటి రెండేళ్లు డబ్బు రాదు. ఆ తర్వాత ఎవరూ కాదనలేరు."

"అంటే, ఎక్కువ కట్టి మరీ రెండేళ్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చోమంటారు!"

భార్య కూడా నవ్వింది. నవ్వు చివర దగ్గొచ్చింది.

పెద్దాయన నవ్వలేదు. "భారం తగ్గాలంటే వేరే దారులున్నాయి. విడిగది వద్దనండి, వార్డు చాలనండి. చిన్నాచితకా ఖర్చులు మేమే పెట్టుకుంటామనండి. ఎక్కడైనా కోయండి గానీ, ఇక్కడ కోయకండి."

"ఆలోచించి చెప్తాం లెండి," అని ఫిట్టరు లేచి నిలబడ్డాడు.

అంటే తలుపు అటుందని.

మర్నాడు కార్ఖానాలో ఈ సంగతి వింటూనే వెల్డరు పగలబడి నవ్వాడు.

"మా ఇంటికీ వచ్చాడ్రా బాబూ! మా నాన్న ఏ వయసులో పోయాడు, ఎలా పోయాడు, ఒకటే ఆరా. 'ఎంక్వయిరీ గారు' అని పేరెట్టేశాం. ప్రీమియం పెరిగితే కమీషను పెరుగుతుందిగా, అదీ ఆయన బాధ. మా బావమరిదీ ఆ కంపెనీ ఏజెంటే, వాణ్ణి పంపిస్తా ఉండు."

బావమరిది వచ్చాడు. నోట్లో వెన్న పెట్టుకున్నట్టు మాట్లాడాడు. "జబ్బులేమైనా..." అని తనే అడిగి, "ఏం లేవుగా!" అని తనే రాసుకున్నాడు. ప్రీమియం ఎంతో చెప్పేసరికి ఫిట్టరుకు ప్రాణం లేచొచ్చింది.

"మరి నా ఆయాసం?" అంది భార్య.

"ఈ రోజుల్లో ఆయాసం లేనిదెవరికక్కా? మెట్లెక్కితే నాకూ వస్తుంది."

ఆమె భర్త వంక చూసింది. అతను పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

వారం తిరక్కుండా ఎంక్వయిరీ గారు మళ్లీ వచ్చాడు.

"వేరే వాళ్ల దగ్గర తీసేసుకున్నామండీ," అన్నాడు ఫిట్టరు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"సంతోషమయ్యా. ఎవరి దగ్గరైతేనేం, మా కంపెనీదేగా. మీ ఆవిడ ఆయాసం సంగతి రాయించారా? లేకపోతే ఇప్పటికైనా మించిపోయింది లేదు, ఆఫీసుకెళ్లి ఒక్క ముక్క చెప్పి..."

ఫిట్టరు తలుపేశాడు.

మూడో ఏడు చలికాలంలో ఆమెకు ఊపిరి అందలేదు.

"ఎప్పటి నుంచి ఇలా?" అని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. ఆమె మాస్కు పక్కకు జరిపి, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "చిన్నప్పటి నుంచీ అండీ."

డాక్టరు అది రాసుకున్నాడు. కంపెనీ అది చదువుకుంది. ఉత్తరం వచ్చింది.

"ముందుగా తెలియజేయవలసిన విషయాన్ని తెలియజేయనందున, మీ కోరికను మన్నించలేకపోతున్నందుకు విచారిస్తున్నాము."

ఆ ఆసుపత్రి ఖర్చు మోయలేక ఆమెను సర్కారు పెద్దాసుపత్రి వార్డుకు మార్చాడు ఫిట్టరు. అక్కడ ఊపిరి పోసే యంత్రం ఖాళీ లేదు. ఒక నర్సు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, వచ్చినప్పుడల్లా ఆమె ఎండిన పెదాలకు తడిగుడ్డ అద్దిపోయేది. యంత్రం ఖాళీ అయ్యేలోపు ఆమె వెళ్లిపోయింది.

ఫిట్టరు ఏడవలేదు. ఏడుపు రావలసిన చోట ఏదో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పనికెళ్లాడు. పెట్టింది తిన్నాడు. కూతురికి జడ వేయడం నేర్చుకున్నాడు, వంకరగానే.

ఒకరోజు పాలసీలోంచి భార్య పేరు తీయించడానికి కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు.

కౌంటరులో ఉన్నావిడ తెర మీద ఏదో చదివి, ఫ్యాను అతని వైపు తిప్పింది. "మీకు ఆ డబ్బు కూడా రాలేదు కదండీ," అంది మెల్లగా. పేరు తీసేసింది. "ఇంకేమైనా ఉందా?"

"నాకు షుగరుంది. రాయండి. పాపకు దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి. అదీ రాయండి."

"ప్రీమియం పెరుగుతుందండీ."

"పెరగనివ్వండి. విడిగది వద్దు, వార్డు చాలు."

ఆవిడ తలెత్తి చూసింది. "అడిగి మరీ రాయించుకునే వాళ్లను చూళ్లేదు. ఎవరు చెప్పారు మీకు?"

"ఒక పెద్దాయన. మీ ఏజెంటే. పేరడగలేదు నేను. ఎదుటివాళ్ల జబ్బులన్నీ ఆరా తీస్తాడని ఎంక్వయిరీ గారనేవాళ్లం. ఇది ఆయన చేత్తోనే రాయిద్దామని. ఎక్కడుంటారు?"

ఆవిడ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.

"మొన్న వానాకాలంలో పోయారండీ."

ఫిట్టరు తలూపాడు. అదీ లోపలికి దిగలేదు.

"రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోకుండా ఏజెంటయ్యారు. ఈ వయసులో గడపగడపా తిరగడమెందుకు సార్ అంటే వినలేదు."

"అంతకు ముందు?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"అంతకు ముందు ఉద్యోగమంతా ఆ పక్క గదిలోనేనండీ, డబ్బివ్వడం కుదరదని చెప్పే సీటులో, మీకొచ్చిన ఆ ఉత్తరం ఆయన ఒకప్పుడు రాసిపెట్టిందే, మేమింకా అదే పంపిస్తున్నాం."