ఎవరైనా బాగుచెయ్యొచ్చు

“ఇద్దరు ముత్తమ్మలుంటే, నీ సాఫ్ట్‌వేర్ ఒకరి మందు ఇంకొకరికి రాసింది! మొహం గుర్తుపట్టి సూది ఆపిన. లేకుంటే పీనుగ లేసేది.”

భద్రాచలం దవాఖానాలో కంప్యూటర్లు చూసే రిజ్వాన్ మీద నర్సు ఫ్లోరెన్స్ గయ్యిమన్నది.

“ఫ్రీగ వచ్చింది సిస్టర్. కోడ్ అందరిది. ఎవరైనా బాగుచెయ్యొచ్చు.”

“పదిమందిలో పాము చావదంటరు. ఆ ఎవరైనా ఎవడో చెప్పు!”

రిజ్వాన్‌కు ఒళ్లు మండింది. ‘దీన్ని చూసుకునేటోళ్లు బతికే ఉన్నరా?’ అని, ఆ సాఫ్ట్‌వేర్ వాడే దవాఖానాలన్నిటికీ మెయిల్ కొట్టిండు.

ఒరిస్సా నుంచి ఒక్క జవాబొచ్చింది: ‘రెండేండ్ల సంది కోడ్‌ల మార్పులు మీరొక్కరే రాస్తున్నరు. చూసుకునేది మీరే అనుకున్నం సార్.’

తిట్టేందుకు రిజ్వాన్‌కు మనిషి మిగల్లేదు. పళ్లు కొరుక్కుంటనే టైప్ చేసిండు: ‘ఇయ్యాల్టి నుంచి దీన్ని ఎవరూ వాడొద్దు.’

చూసుకునేటోడిగ అతని మొదటి మాట, ఆఖరి మాట అదే.