అత్త ఎముక

“ఎవురిదో ఎముక నా ఒంట్లో పెట్టుకునేదా? చచ్చినా ఒప్పుకోను,” అని పెంచలమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

డాక్టర్ హరినాథ్ మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. చాన్నాళ్ల కిందట ఇదే ఆస్పత్రిలో ఆమె తుంటికి వేసిన కీలు వదులైపోయింది. అది కదిలి కదిలి చుట్టూ ఉన్న ఎముక అరిగి గుంత పడింది. వేరే రోగులకు తుంటి మార్చినప్పుడు తీసిన ఎముకను శుభ్రం చేసి ఫ్రీజర్లో దాచి ఉంచుతారు. దాన్ని ముక్కలు చేసి ఆ గుంతలో దట్టించి, పైన కొత్త కీలు బిగిస్తారు.

“మగ్గం గుంత పూడ్చేదానికి మన్ను ఎవురిదైతేనేమి సార్. ఒళ్లు మగ్గమా?” అంది మగ్గం నేసి బతికిన పెంచలమ్మ.

డాక్టరు నవ్వాడు. “రేపు చెప్పండమ్మా. ఇట్లే వదిలేస్తే ఇంక మంచమే.”

మంచం అత్తకొక్కదానికే కాదని కోడలు కోమలికి తెలుసు. ఒంటికీ రెంటికీ తనే. నీళ్లకని లేచినా, “మే, యాడికి పోతివి?” అని వెనకనే కేక. నడక నేర్చిన బిడ్డను కార్వేటినగరంలో పుట్టింట వదిలి వచ్చింది.

సాయంత్రం ఫోన్లో బిడ్డ గొంతు వినబడింది. “అమ్మా!”

“చెప్పు బంగారూ...”

“నిన్ను కాదు మే, నన్ను పిలస్తా ఉండాది,” అంది అవతల కోమలి తల్లి. “ఇప్పుడు నన్నే అమ్మ అంటాది.”

కోమలి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త కళ్లు మూసుకునే ఉంది.

తెల్లారి కోమలి అబద్ధమాడింది. మొదటి ఆపరేషన్ నాటికి తనింకా ఆ ఇంటి కోడలు కాలేదు. అప్పుడు వెంట ఉన్న మామ ఇప్పుడు లేడు.

“అత్తా, సార్‌ను అడిగినా. వేరేవాళ్లది కాదంట. అప్పుడు తీసిన నీ ఎముకనే దాచిపెట్టి ఉండారంట.”

పెంచలమ్మ చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది.

“నాదేనా?”

“నీదే అత్తా.”

“అట్లయితే నాకేం అడ్డం? పెట్టమను.”

ఆపరేషనైంది. వాకర్ పట్టుకుని అడుగులు వేయించి ఇంటికి పంపారు. కారెక్కగానే డ్రైవర్‌తో, “ముందు కార్వేటినగరం పోనీ అప్పా, నా మనవరాలిని ఎక్కించుకోవాల,” అంది పెంచలమ్మ.

అమ్మమ్మను వదలనని ఏడ్చి ఏడ్చి, బిడ్డ కోమలి ఒళ్లో నిద్రపోయింది. నగరి ఏటి వంతెన రాగానే పెంచలమ్మ కారు ఆపమంది. కిటికీలోంచే చేతులు జోడించింది.

“ఏటికి దండమెందుకత్తా?”

“అప్పుడు తీసిన నా ఎముకను మీ మామ కలిపింది ఈడనే.”