తమ్ముడుగారు

రెండో వరద వచ్చిన ఏడాది సంగతి. అంతకుముందు వరదలో తమ్ముడు నా పడవ తాడు కోసి, దాంతో తన పడవ కట్టుకున్నాడు. నాది కొట్టుకుపోయింది. నేను తిట్టలేదు. ఆ రోజు నుంచి వాణ్ణి "మీరు" అనేవాణ్ణి, అంతే. వాడి ముఖం మాడితే నా కడుపు నిండేది.

ఒకే పాకలో ఊళ్ళోవాళ్ళ పడవలు బాగుచేస్తున్నాం.

"తమ్ముడుగారూ, ఆ ఉలి ఇలా ఇవ్వండి."

"ఎన్నాళ్ళు సాధిస్తావన్నయ్యా? కావాలంటే నాలుగు తన్ను, పడతాను."

"అయ్యో, మిమ్మల్ని తన్నడమా!"

వాడు ఉలి నా ముందు పెట్టి చేతులు జోడించాడు.

"అలాగేనండి. రేపటినుంచి తమరొక్కరే చేసుకోండి."

వాడు నన్ను అండీ అనడం అదే మొదలు. ఆ మర్యాద ఎక్కడ తగులుతుందో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి వాడి తలుపు తన్నాను.

"లేవరా వెధవా! పడవకి తారు నీ తాతొచ్చి పూస్తాడా?"