చాలన్న గిన్నె

ప్రతి ఇంట్లోనూ ఉగ్గుగిన్నెలు మాట్లాడే రోజులవి. మంగతాయారు మనవరాలికి నెయ్యి కలిపిన ఉగ్గు పెడుతుంటే, ఇంకా సగం ఉండగానే గిన్నె "చాలు బామ్మగారూ" అంటూ మూత వేసుకుంది.

"నీ మొహం! పిట్టంత పుట్టిన పిల్ల, ఇంకాస్త తినొద్దూ?" అంటూ ఆమె మూత సందులో చెంచా దూర్చింది.

"అలాంటి పిల్లల్ని హడావిడిగా బొద్దుగా చేసేస్తే, పెద్దయ్యాక షుగరూ గుండెజబ్బూ వచ్చే భయం ఎక్కువట అత్తయ్యా. నిదానంగా పెరగనివ్వాలట," అంది కోడలు హైమ.

"చాల్లే! నేనూ పిట్టంతే పుట్టాను. మా అమ్మ వెన్న పెట్టి పెట్టి, ఏడాది తిరక్కుండానే నన్ను గుమ్మడిపండులా చేసింది."

అంతలో మంగతాయారు చేతికున్న పట్టీ ఇన్సులిన్ వేళైందని మోగింది. ఆమె దాని వంకే చూసింది. తర్వాత చెంచా పక్కన పెట్టి, పాప మూతి తుడిచింది.

"పాపం మా అమ్మ! చాలని చెప్పడానికి ఆవిడకి గిన్నైనా లేదు."